నడక విశ్లేషణ కేంద్రం: కొలతలు మెరుగు, వివరణ కొరవ

మోకాలి లోపలివైపు నొప్పి ఎంతకీ తగ్గకపోవడంతో, ఎముకల వైద్యుని సలహాపై ఒక నడక విశ్లేషణ కేంద్రంలో పరీక్ష చేయించుకున్నాను. తుంటి నుంచి మడమ వరకు కాంతిని ప్రతిఫలించే చిన్న గోళాలను అతికించి, పరారుణ కెమెరాల నడుమ, నేలలో అమర్చిన బలాన్ని కొలిచే పలకల మీదుగా చెప్పులు లేకుండా పదేపదే నడిపించారు. మామూలు నడకలో ఒక్కో పాదం సుమారు 60 శాతం సమయం నేలపై, 40 శాతం గాలిలో ఉంటుంది. నొప్పి ఉన్న కాలిపై నేను తక్కువసేపు నిలుస్తున్నానన్న సంగతి, ఎక్స్‌రేలో ఎన్నడూ కనబడనిది, ఇక్కడ గ్రాఫులో స్పష్టంగా తేలింది. గోళం అతికించే ముందు సాంకేతిక నిపుణురాలు ఎముక అంచును వేలితో తడిమి రెండుసార్లు సరిచూసుకోవడం నాకు నచ్చింది, ఎందుకంటే అది కాస్త పక్కకు జరిగినా కీళ్ల కోణాల లెక్క తప్పుతుంది.

లోపం పలకల దగ్గరే ఉంది. వాటి అంచులు కంటికి కనబడుతుండటంతో, పాదం సరిగ్గా వాటిపైనే పడాలని నాకు తెలియకుండానే అడుగు సాగదీశాను; అది నా సహజమైన నడక కాదు (ఇంట్లోవారు చూసి ఉంటే నవ్వేవారు). నివేదికలో మోకాలి లోపలి భాగంపై పడే భారాన్ని సూచించే అంకెలు ఉన్నాయే గాని, వాటి అర్థం చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. వివరణ కోసం మళ్లీ వైద్యుని దగ్గరికే వెళ్లవలసి వచ్చింది.