రైజెన్ 5 5600, కోర్ ఐ5-12400: రెండు వారాలు పక్కపక్కన పెట్టి వాడాక

నా కంప్యూటర్‌లో ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 5600, తమ్ముడి దాంట్లో ఇంటెల్ ప్రాసెసర్ కోర్ ఐ5-12400. రెండూ 2022లో వచ్చినవే, మూడు నెలల తేడాతో. ఏది కొనడం తెలివైన పని అని అప్పట్నుంచీ మా ఇద్దరికీ వాదన. చివరికి రెండు మెషీన్లూ ఒకే బల్ల మీద పెట్టాం. గ్రాఫిక్స్ కార్డు ఒకటే, ఆర్‌టీఎక్స్ 3060. ఎస్‌ఎస్‌డీ ఒకటే. డీడీఆర్4 3200 ర్యామ్ కూడా అదే జత, అటు తీసి ఇటు పెడుతూ రెండు వారాలు వాడాం. వాడి పని గేములు, నా పని పక్షుల వీడియోలు.

కాగితం మీద ఇవి కవలలు. రెండింటికీ ఆరు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), 4.4 గిగాహెర్ట్జ్ బూస్ట్ (అందుకోగల గరిష్ఠ వేగం). ఇంటెల్ 12వ తరం పెద్ద ప్రాసెసర్లలో ఉండే చిన్న కోర్లు 12400లో లేవు, ఉన్న ఆరూ పెద్దవే. తేడా క్యాష్‌లో, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న వేగవంతమైన మెమరీలో కనిపిస్తుంది. కోర్లన్నీ పంచుకునే ఎల్3 క్యాష్ 5600కి 32 ఎంబీ ఉంటే 12400కి 18. ఒక్కో కోర్‌కి విడిగా ఉండే ఎల్2 దగ్గర లెక్క తిరగబడుతుంది, 5600లో అర ఎంబీ, 12400లో ఒకటింబావు. అందుకే ఒక గేములో ఇది కాస్త ముందుంటే, ఇంకో గేములో అది. ఏ మెషీనో చెప్పకుండా మూడు సాయంత్రాలు తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఆడించాను. చేతికి తెలిసే తేడా ఏమీ లేదని వాడే ఒప్పుకున్నాడు. ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తీసే ఎక్స్‌పోర్ట్ కోర్ల మీద పెట్టినా ఇంచుమించు ఒకేసారి అయిపోయేది. గేముల కోసమే అయితే ఈ రెండింటి మధ్య నిద్ర పాడుచేసుకోవద్దు. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టండి.

నాకు మాత్రం అక్కడితో ఆగలేదు. లకుముకి పిట్ట వీపు మీది నీలం ఎండ తగిలే కొద్దీ ఆకుపచ్చలోకి జారుతుంది. 8 బిట్ వీడియోలో ఒక్కో రంగుకి 256 మెట్లే. గ్రేడింగ్‌లో, అంటే రంగులు సరిచేసేటప్పుడు, కాస్త లాగితే చాలు, ఆ జారుడు చారలు చారలుగా విరిగిపోతుంది. 10 బిట్‌లో 1024 మెట్లు ఉంటాయి కాబట్టి నిలబడుతుంది. దానికి తోడు 4:2:2, అంటే రంగును ఎంత వివరంగా దాచాలన్న లెక్క. మామూలు 4:2:0లో నాలుగు పిక్సెళ్లు కలిసి ఒకే రంగు సమాచారాన్ని పంచుకుంటాయి, 4:2:2లో రెండే పంచుకుంటాయి. ఈకల అంచు, కొమ్మ అంచు పాకినట్టు కాకుండా తెగినట్టు వస్తాయి. అందుకే నా కెమెరాలో ఎప్పుడూ 4కే, హెచ్.265 (వీడియోను కుదించే పద్ధతి), 10 బిట్ 4:2:2.

అలా కుదించిన ఈ ఫైళ్లను విప్పడమే అసలు బరువు. 5600లో గ్రాఫిక్స్ భాగమే లేదు. 3060 కార్డు హెచ్.265లో 4:2:0ని విప్పుతుంది గానీ 4:2:2ని ముట్టదు. ఎన్విడియా కార్డులకు ఆ పని 2025లో 50 సిరీస్‌తో గానీ రాలేదు. దాంతో మొత్తం భారం ఆరు కోర్ల మీదే పడుతుంది. టైమ్‌లైన్ మీద కర్సర్ లాగితే పిట్ట కొమ్మ మీద ఉంటుంది, మరుక్షణం నీళ్లలోంచి లేస్తూ ఉంటుంది. మధ్యలో దూకింది కనబడదు. నాకు కావలసింది ఆ మధ్యదే! అందుకే షూట్ చేసి వచ్చిన ప్రతి రాత్రీ ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్లు) చేయడానికి పెట్టి పడుకునేవాణ్ణి.

12400లో యూహెచ్‌డీ 730 అనే చిన్న గ్రాఫిక్స్ ఉంది. గేములకు దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కానీ అందులో క్విక్ సింక్ అనే వీడియో భాగం ఉంది, అది 10 బిట్ 4:2:2 హెచ్.265ని కోర్లకు పని పెట్టకుండా తానే విప్పుతుంది. మొదటి సాయంత్రం నాకు తేడా కనబడలేదు. గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే బోర్డు లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేసిందని తర్వాత తెలిసింది. బయోస్‌లోకి (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్‌లోకి) వెళ్లి మల్టీ మానిటర్ ఆప్షన్ ఆన్ చేసి, డ్రైవర్ వేసి, అదే క్లిప్పు మళ్లీ తెరిచాను. పిట్ట మెడ వంచింది, రెక్కలు వెనక్కి మడిచింది, ముక్కు కొన నీటిని తాకిన చోట చిన్న గుంట పడింది. ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు లాగినా ఫ్రేము ఫ్రేమూ వేలి వెంటే వచ్చింది. ప్రాక్సీ లేదు. అంత చిన్న సిలికాన్ ముక్క నా రాత్రులు మిగిల్చింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 12400ఎఫ్ అని తక్కువ ధరకు దొరికేదానిలో కోర్లు అవే, గ్రాఫిక్స్ మాత్రం పనిచేయకుండా మూసేసి ఉంటుంది. నాలాంటి పనికి అది వద్దు. ఏఎండీ వైపు 5500, 5600జీ కూడా 5600 లాంటివే అనుకుని కొంటుంటారు. వాటిలో ఎల్3 క్యాష్ 16 ఎంబీయే, గ్రాఫిక్స్ కార్డుతో కలిపే దారి పీసీఐఈ కూడా 3.0 దగ్గరే ఆగుతుంది. 5600ఎక్స్ అయితే అదనపు డబ్బు పెట్టేంత గొప్పేమీ కాదు, 200 మెగాహెర్ట్జ్ తేడా, అంతే.

డబ్బు విలువ చూడాల్సింది ప్రాసెసర్ పెట్టె మీద కాదు, మదర్‌బోర్డు దగ్గర. ఇప్పటికే ఏఎం4 (5600 కూర్చునే సాకెట్ రకం) బోర్డు ఉంటే, అది 2017 నాటిదైనా సరే, తయారీదారు కొత్త బయోస్ ఇచ్చి ఉంటే 5600 కూర్చుంటుంది. పాత ప్రాసెసర్ తీయకముందే బయోస్ వేసుకోవాలి, తీశాక వేద్దామంటే తెర వెలగదు. బోర్డు, ర్యామ్, కూలర్ అన్నీ మిగులుతాయి. అంతకంటే లాభమైన మార్పు నేను చూడలేదు. రేపు గేములకు ఇంకా వేగం కావాలంటే అదే సాకెట్‌లో 96 ఎంబీ క్యాష్ ఉన్న 5800ఎక్స్3డీ పెట్టుకోవచ్చు. 12400 సాకెట్‌లో 14వ తరం దాకా వెళ్లొచ్చు, ఆ తర్వాత దారి లేదు. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు మాత్రం 12400ది తక్కువ. 5600లో కోర్ల చిప్పు వేరు, ఇన్‌పుట్-అవుట్‌పుట్ చిప్పు వేరు, ఆ రెండోది పని లేకున్నా కొంత తాగుతూనే ఉంటుంది.

చివరికి మెషీన్లు మార్చుకున్నాం. 5600 ఇచ్చేముందు థర్మల్ పేస్ట్ కొత్తది వేద్దామని కూలర్ విప్పాను. దీని 1331 పిన్నులూ ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. పేస్ట్ ఎండిపోయి ఉండగా నిలువునా లాగితే, లివర్ వేసి ఉన్నా ప్రాసెసర్ కూలర్‌తో పాటే ఊడి రావచ్చు. అందుకే పది నిమిషాలు ఎక్స్‌పోర్ట్ నడిపి వేడెక్కించి, ఆపి, నాలుగు స్క్రూలూ ఎదురెదురుగా వదులు చేసి, కూలర్‌ని మెల్లగా కుడికీ ఎడమకీ తిప్పాను. జిగురు విడిపోయిన మెత్తటి జారుడు చేతికి తెలిసింది. అప్పుడే పైకి ఎత్తాను.

తమ్ముడు ఆ రాత్రే గేము మొదలుపెట్టాడు. నేను మెమరీ కార్డు పెట్టి, కాపీ అవగానే ఎడిట్‌కి కూర్చున్నాను.