రాయగడ మీదుగా జయపురం, సుంకి మీదుగా ఇంటికి: లోడు బండి, పెట్రోలు లెక్క

ఒడిశాలోని రాయగడలో పెట్రోలు పోయించుకోవద్దని రాయాలనిపించింది గానీ, ఆ ఊళ్లో నిజాయితీగా నడిచే బంకులకి అది అన్యాయం. కాబట్టి ఇలా చెప్తాను. ఏ ఊరైనా, ఏ కంపెనీ బోర్డైనా సరే, అనుమానం వస్తే ఐదు లీటర్ల జారు, అంటే కొలత సరిచూసే పాత్ర, అడగండి. చూపించకుండా నసిగితే మూత బిగించుకుని వచ్చేయండి.

ఒడిశాలోనే ఉన్న జయపురంలో శ్రావణమాసం పెళ్లి. పెళ్లికూతురు మా పిన్ని మనవరాలు. బొబ్బిలిలో మాకు వంటపాత్రల అద్దె వ్యాపారం ఉంది కాబట్టి గుండిగలు, గంగాళాలు, బల్లలు అన్నీ మా బండిలోనే వెళ్లాలని ముందే తీర్మానం అయిపోయింది. మాది పెట్రోలు మినీ ట్రక్కు, 1200 సీసీ, నాలుగు సిలిండర్లు, ముప్పై లీటర్ల ట్యాంకు. ఆడవాళ్లు రైలెక్కారు. నా పక్క సీట్లోకి మా బావమరిది వచ్చిపడ్డాడు. వాడు టెక్సాస్‌లో ఉంటాడు, నెల సెలవు మీద వచ్చాడు. ఏసీ లేని క్యాబిన్లో మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి తగులుతుంటే పార్వతీపురం దాటేదాకా నోరు విప్పలేదు. తర్వాత విప్పాడు, ఇక మూయలేదు.

వాడికి అక్కడ పెట్రోలుతో నడిచే హెవీ డ్యూటీ పికప్ ఉంది, 7.3 లీటర్ల వీ8 ఇంజను. గ్యాలనుకి 12 మైళ్లు వస్తే ఆ రోజు పండగ. మన లెక్కలో లీటరుకి ఐదు కిలోమీటర్లు. లోడుతో కలిపి 8,500 పౌండ్లు దాటే పికప్‌లకి అమెరికాలో మైలేజ్ స్టిక్కరు అంటించాల్సిన పని లేదట, అందుకని కొన్నవాళ్లే పుస్తకం పెట్టుకుని లెక్క రాసుకుంటారు. వెనక యాక్సిల్ నిష్పత్తి, అంటే చక్రం ఒక్క చుట్టుకి షాఫ్టు తిరిగే చుట్లు, 4.30 అయితే బరువు బాగా లాగుతుంది, 3.73 అయితే హైవే మీద ఇంజను తక్కువ తిరిగి నాలుగు చుక్కలు మిగులుతాయి. లావు టైర్లు వేస్తే చూడ్డానికి బాగుంటుంది, జేబుకి చిల్లు. 75 మైళ్ల వేగం నుంచి 65కి దిగితే తేడా తెలుస్తుంది, ఎందుకంటే వేగం రెట్టింపైతే గాలి నెట్టుడు నాలుగింతలు. ఇదంతా కొమరాడ దాటేలోపు చెప్పేశాడు. "ఒరే, మనం పోయేది నలభైలో. గాలి సంగతి తర్వాత, ముందు గుంతలు చూడు" అన్నాను.

వాడి పిచ్చి నాకూ అంటుకుని, బొబ్బిలిలో ఫుల్ ట్యాంకు కొట్టించి మీటరు రీడింగు రాసుకున్నాం. నాజిల్ తనంతట తాను టక్కుమని ఆగేదాకా పోయించడం, మళ్లీ అలాగే నింపడం, మధ్యలో తిరిగిన కిలోమీటర్లని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించడం. మైలేజ్ చూడ్డానికి ఇంతకంటే నమ్మకమైన దారి లేదు. ముల్లు చూసి చెప్పే లెక్కలు కాకిలెక్కలు.

రాయగడ దగ్గర బంకులో ఆగాం. అక్కడికి 73 కిలోమీటర్లు. పట్టింది 6.9 లీటర్లు, బిల్లు 719 రూపాయలు. అంటే లీటరుకి పదిన్నర! ఇదే బండి ఇదే లోడుతో విజయనగరం పోతే 14 తక్కువ ఎప్పుడూ ఇవ్వలేదు. బావమరిది ఫోన్లో లెక్క కట్టి నా ముఖం చూశాడు. నేను కుర్రాణ్ణి అడిగాను, జారు తెమ్మని.

ఇది మన హక్కు. ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉండాలి, కస్టమరు అడిగితే అందులోకి పోసి చూపించాలి. ఐదు లీటర్లకి 25 మిల్లీలీటర్ల వరకు తేడా ఉంటే చట్టం ఒప్పుకుంటుంది. ఆ కుర్రాడు తెలుగు వాడే. "జారు లోపలుంది సార్, తాళం మేనేజరు దగ్గరుంది" అన్నాడు. మేనేజరు ఎక్కడ? భోజనానికి. ఎప్పుడొస్తాడు? నవ్వు. అరగంట కూర్చున్నాం. మేనేజరు వచ్చాడు, పళ్లు కుట్టుకుంటూ. జారు ఊసెత్తకుండా పాఠం మొదలుపెట్టాడు: "ఇప్పుడంతా ఈ20, ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కదండీ, మైలేజ్ ఎక్కడొస్తుంది?"

ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోల్లో ఉన్నదానిలో మూడింట రెండొంతులు. ఇరవై శాతం కలిపితే ఎంత లాగినా ఆరేడు శాతం పడిపోవాలి. 14 నుంచి పదిన్నరకి పడితే పాతిక శాతం. పైగా విజయనగరం పోయినప్పుడు పోయించింది మాత్రం పన్నీరా? అదీ ఈ20యే. బావమరిది ఈ మాటే ఇంగ్లీషులో అన్నాడు, మేనేజరు ఒడియాలో ఏదో అన్నాడు, వెనక నిలబడ్డ ఆటోవాడు తెలుగులో ఇద్దర్నీ తిట్టాడు. చివరికి "రేపు పొద్దున్న రండి, చూపిస్తాం" అని తేల్చారు. రేపు పొద్దున్న ముహూర్తం జయపురంలో. వాళ్లకీ తెలుసు, బండి నిండా గుండిగలు కనిపిస్తూనే ఉన్నాయి. బిల్లు ఫొటో తీసి 1915కి ఫోన్ చేశాను. కన్‌స్యూమర్ హెల్ప్‌లైను వాళ్లు మర్యాదగా మాట్లాడి ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఇది రాసే సమయానికి అంతకుమించి ఏమీ రాలేదు.

బయల్దేరబోతుంటే ఆ బంకు కుర్రాడే "గాలి ఫ్రీ సార్" అని నాలుగు చక్రాలకీ గాలి చూసి పంపాడు. దాని కథ తర్వాత.

పక్కనే స్పేర్ పార్టుల షాపాయన మా గోల విని, పెట్రోలు పైపుకి తగిలించే అయస్కాంతాల జత చూపించాడు. 850 రూపాయలు, మైలేజ్ ఇరవై శాతం గ్యారంటీ. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి సామాన్లు వందకు పైగా పరీక్షించి, చెప్పుకోదగ్గ లాభం దేనిలోనూ లేదని తేల్చిందని బావమరిది చెప్పాడు. "అది అమెరికా, ఇది రాయగడ" అన్నాడాయన. కాదనలేం కదా. మజ్జి గౌరమ్మకి దణ్ణం పెట్టుకుని, కొబ్బరికాయ కొట్టి కదిలాం.

రాయగడ 200 మీటర్ల ఎత్తులో ఉంటే కోరాపుట్ 870 మీటర్ల దాకా ఉంటుంది. బావమరిది సిగరెట్ పెట్టె వెనక లెక్కేశాడు. బండి, లోడు, మేమిద్దరం కలిపి 1,700 కేజీలు. ఇంజను పెట్రోల్లో ఉన్న శక్తిలో పావు వంతే చక్రాలకి ఇస్తుంది. అలా చూస్తే ఆ ఎత్తుకి మోసుకెళ్లడానికే దాదాపు లీటరున్నర ఖర్చు, మధ్యలో దిగి మళ్లీ ఎక్కేవి వేరే. లక్ష్మీపూర్ ఘాట్‌లో థర్డ్ గేర్లో ఈడుస్తూ యాక్సిలరేటర్ నేలకి నొక్కితే ఇంజను ఎక్కువ పెట్రోలు కలుపుకుంటుంది. సెకండ్‌లోకి దిగి సగం నొక్కడం మేలు. ఇది మాత్రం వాడు చెప్పింది కాదు, నాకు ముందునించీ ఉన్న అలవాటు. ఘాట్‌లో ఒక లారీ అడ్డం పడి ట్రాఫిక్ ఆగితే ఇంజను కట్టేశాం. ముందున్న కార్లన్నీ ఏసీ కోసం ఆన్‌లోనే ఉన్నాయి. మా సైజు ఇంజను ఊరికే తిరిగినా గంటకి అర లీటరు పైనే తాగుతుంది.

లక్ష్మీపూర్ దాటాక రోడ్డు పక్క రేకుల షెడ్డులో భోజనం చేశాం. ఈ ప్రయాణం మొత్తంలో నేను మెచ్చుకున్న మొదటి చోటు అది. పార్వతీపురం నుంచి కోడలిగా వచ్చినావిడ నడుపుతోంది. అన్నం, పప్పు, వెదురు కొమ్ముల కూర, పచ్చిమిరపకాయ, మజ్జిగ, మనిషికి 80 రూపాయలు. వానాకాలంలోనే దొరికే కొమ్ములు, పులుపెక్కకుండా ఆ రోజే కోసినవి, నువ్వులపొడి వేసి దించింది. టెక్సాస్ బాబు మూడుసార్లు అన్నం పెట్టించుకుని "అక్కా, ఇంకొంచెం కూర" అని అడిగాడు. అదనానికి డబ్బులివ్వబోతే "తమ్ముడికి కూర అమ్ముతామా" అని తీసుకోలేదు. అప్పటిదాకా ఉన్న బంకు చిరాకు సగం అక్కడే దిగింది.

జయపురంలో పెళ్లివారు బుక్ చేసిన లాడ్జి గురించి ఎక్కువ చెప్పను. గది 1,400. గూడ్సు బండి లోపల పెట్టనివ్వమని మేనేజరు గేటు దగ్గరే ఆపాడు. సామాను పోతే ఎవరిది పూచీ అంటే "మీ బండి, మీ పూచీ" అన్నాడు. రాత్రి వాచ్‌మన్ వంద తీసుకుని గేటు తీశాడు. బకెట్ వేడినీళ్లు 30, దుప్పటి తడి. బండిలో సామానుతో వెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేసి పార్కింగు సంగతి అడగండి. పెళ్లి బాగా జరిగింది.

జయపురంలో మళ్లీ నింపితే లెక్క ఇంకా ఘోరం, తొమ్మిదిన్నర. ఘాట్ ఎక్కాం కాబట్టి తగ్గుతుంది, కానీ ఇంతా? మండపం వెనక టైర్ల షాపు కనిపిస్తే తీసుకెళ్లాను. ఆయన వయసు అరవై ఉంటుంది. సాలూరు మనిషి. సాలూరంటే లారీల ఊరు, అక్కడ ఇంటికో లారీ, వీధికో బాడీ బిల్డింగు షెడ్డు. కుర్రతనంలో క్లీనరుగా ఎక్కి రాయపూర్ దాకా తిరిగాడట. నేను మైలేజ్ అని నోరు తెరిచానో లేదో, ఆయన నా మాట వినకుండా నాలుగు చక్రాల మధ్యభాగం మీద చెయ్యి పెట్టి చూసుకుంటూ వెళ్లాడు. ముందు ఎడమ చక్రం దగ్గర చెయ్యి చటుక్కున లాక్కున్నాడు.

"ఏటి బాబూ, సక్రం ఇలా కాలిపోతంటే బండేటి లాగుద్ది?"

జాకీ ఎత్తి చేత్తో తిప్పాడు. కుడి చక్రం రెండు చుట్లు తిరిగింది. ఎడమది అర చుట్టుకే ఆగిపోయింది. బ్రేకు ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ పిన్నులు ఎండి పట్టేశాయి, కాలు తీసినా ప్యాడ్లు డిస్కుని వదలడం లేదు. అంటే బొబ్బిలి నుంచి ఒక చక్రానికి బ్రేకు వేసుకునే కొండెక్కాం. పిన్నులు ఊడదీసి, ఎమ్రీ కాయితంతో రుద్ది, గ్రీజు రాసి బిగించాడు. తర్వాత గాలి. డోరు పక్క స్టిక్కరు మీద లోడుకి రాసిన దానికంటే వెనక టైర్లలో పన్నెండు పాయింట్లు తక్కువ. రాయగడ బంకు వారి ఉచిత సేవ! గాలి మీటరు కూడా అబద్ధం చెప్పే బంకు అది. మెత్తటి టైరు లోడు కింద నలిగి వేడెక్కుతుంది, ఆ వేడికి ఖర్చయ్యేది మన పెట్రోలే. ఘాట్‌లో పేలితే ఇంకా పెద్ద ఖర్చు. చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించాలని, వేడి టైరుకి ఎక్కువ చూపిస్తుందని ఆయన చెప్పాడు.

పిన్నులకి 250, గాలికి ఏమీ లేదు. జయపురం పోతే ఇలాంటి చేతుల్లో బండి పెట్టండి, మెరిసే షోరూములకి పోకండి. బ్రేకు సంగతి తేలాక బంకు కొలత మీద నా అనుమానం సగానికి తగ్గిందని ఒప్పుకుంటాను. జారు చూపించనందుకు కోపం మాత్రం అణా కూడా తగ్గలేదు.

తిరుగు ప్రయాణం సిమిలిగూడ, పొట్టంగి, సుంకి మీదుగా, జాతీయ రహదారి 26. శుక్రవారం కావడంతో కుందులి సంతలో ఆగాం. అనాసపళ్లు కాయ పాతిక చొప్పున అరవై ఎక్కించాం, గ్లాసు పది రూపాయలకి రాగి పేజ (అంబలి) తాగాం. బావమరిది ముఖం మొదటిసారి తేటపడింది, సంత అంతా కాలినడకన తిరిగి గంట ఆలస్యం చేశాడు. సాలూరాయన చెప్పినట్టు బరువైన గంగాళాలు క్యాబిన్ వైపు జరిపి, బరకం ఉబ్బకుండా నాలుగు తాళ్లు బిగించి కట్టాం.

సుంకి ఘాట్ దిగేటప్పుడు టీకొట్టు దగ్గర ఒకాయన "న్యూట్రల్ చేసి వదిలేయండి, చుక్క కాలదు" అని సలహా ఇచ్చాడు. వినకండి. ఈ రోజుల్లో ఇంజెక్షన్ ఇంజన్లు గేరులో ఉండి కాలు తీసేస్తే పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి, చక్రాలే ఇంజనుని తిప్పుతాయి. న్యూట్రల్‌లో మాత్రం ఆగిపోకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది. పైగా బరువంతా బ్రేకుల మీద పడి, అవి కాలి పట్టు వదిలేస్తే ఆ మలుపుల్లో చేసేదేమీ లేదు. థర్డ్‌లో, సెకండ్‌లో దిగాం. మధ్యలో ఒకసారి ఆగి చక్రాలు ముట్టుకుంటే నాలుగూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి.

దిగుడులో లీటరుకి 19 వచ్చింది గానీ అది కొండ చలవ, లెక్కలోకి తీసుకోను. తర్వాత బొబ్బిలి, విజయనగరం మధ్య ఇంచుమించు అదే లోడుతో చూస్తే 14.6. యాభై దాటకుండా నడిపితే ఇంకో అర కిలోమీటరు కూడా వస్తోంది. పెట్రోలియం పొదుపు సంస్థ వాళ్లు 45 నుంచి 55 మధ్య వెళ్లమని ఊరికే చెప్పరు. బావమరిది ఇప్పుడు టెక్సాస్‌లో ట్రక్కు దిగగానే చక్రాలు ముట్టుకుని చూస్తున్నాడట, వాళ్లావిడ ఫోన్ చేసి చెప్పింది.

ఇదే దారిలో వెళ్లేవాళ్లకి ఇంకొక్క మాట. మేం వెళ్లినప్పుడు ఒడిశా వైపు పెట్రోలు లీటరుకి మనకంటే నాలుగైదు రూపాయలు తక్కువ ఉంది. సాలూరులో 109 దాటితే, సుంకి దిగేముందు మేం నింపిన బంకులో 105 లోపే. అక్కడ అడిగిన వెంటనే జారు తెచ్చి, గీత దగ్గరికి వంగి చూడమని టార్చి కూడా ఇచ్చారు. తేడా పది మిల్లీలీటర్లు. లోడుతో పైకి వెళ్లేవాళ్లు రాయగడ దారిలో కంటే సుంకి మీదుగా ఎక్కడమే మంచిది. ఎక్కుడు నిటారే గానీ రోడ్డు బాగుంటుంది, ఎక్కి దిగి మళ్లీ ఎక్కే బాధ తక్కువ. లక్ష్మీపూర్ వెదురు కొమ్ముల కూర మాత్రం ఆ దారిలో దొరకదు.