నెల్లూరులో లాన్ కేబుల్ కొనేవాళ్లకు హెచ్చరిక: క్యాట్ 6 అన్న అచ్చు ఒక్కటే చూసి తీసుకోకండి

ఇల్లు కట్టుకునేవాళ్లు, సీసీ కెమెరాలు పెట్టించుకునేవాళ్లు దయచేసి ఇది చదివాకే కేబుల్ కొనండి. వేదాయపాళెంలో మా కొత్త ఇంటికి నెల్లూరు షాపులోనే క్యాట్ 6 (నెట్‌కి, కెమెరాలకి వాడే లాన్ కేబుల్లో ఒక రకం) బాక్సు తీసుకున్నాం. ప్యూర్ కాపర్ కావాలని గట్టిగా అడిగి, ఆ ధరే కట్టాం. గోడ పైపుల్లో కేబుల్ లాగి, పెయింటింగ్ కూడా అయ్యాక నెట్ పెట్టిస్తే, 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కి మేడ మీద గదిలో 95 దాటడం లేదు. రౌటర్ దగ్గర చిన్న వైరుతో పెడితే మాత్రం స్పీడు పూర్తిగా వస్తోంది.

జాక్ విప్పితే ఒక తీగ విరిగి ఉంది. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్పీడుకి కేబుల్లోని నాలుగు జతల తీగలూ పనిచేయాలి, 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. అందుకే అక్కడ ఆగిపోయింది. ఆ తీగను బ్లేడుతో గీకితే పైన రాగి పూత, లోపలంతా తెల్లటి అల్యూమినియం! దీన్నే సీసీఏ అంటారు. క్యాట్ 6 ప్రమాణాలు దీన్ని ఒప్పుకోవు. షాపతను "అందరూ ఇదే వాడుతున్నారు సార్, కోసిన బాక్సు వాపసు తీసుకోం" అనేశాడు.

అల్యూమినియం తీగ వంపుల దగ్గర తొందరగా విరుగుతుంది, రాగి కన్నా ఎక్కువ వోల్టేజీ తినేస్తుంది. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల మీద పీఓఈ కెమెరాలు (లాన్ కేబుల్లోంచే కరెంటు తీసుకునేవి) పెట్టేవాళ్లకు ఇది ఇంకా ప్రమాదం. దూరం ఎక్కువైతే, రాత్రి చీకట్లో చూడ్డానికి కెమెరా ఐఆర్ లైట్లు వెలిగినప్పుడు కరెంటు చాలక కెమెరా ఆగిపోవచ్చు. దొంగల భయం రాత్రిపూటే కదా!

కేబుల్ తొడుగు మీద అచ్చంతా చదవండి. 23 ఏడబ్ల్యూజీ, 24 ఏడబ్ల్యూజీ అన్నది తీగ మందం, అంకె తగ్గేకొద్దీ లావు. యూటీపీ అంటే లోపల రేకు చుట్టలేదని, ఇళ్లకు అది చాలు. సీసీఏ అని కనిపిస్తే వద్దనండి. కొన్నిటి మీద ఆ మాటే వేయరు, కాబట్టి కొన చెక్కి చూడక తప్పదు.

క్యాట్ పక్కన పెద్ద అంకె కోసం ఆరాటం కూడా అక్కర్లేదు. అసలు రాగిదైతే, క్యాట్ 6 కన్నా కింది రకమైన క్యాట్ 5ఇ కూడా 100 మీటర్ల దాకా గిగాబిట్ ఇస్తుంది. 10 గిగాబిట్ కావాలంటే క్యాట్ 6 సుమారు 55 మీటర్ల వరకే, 100 మీటర్లకు క్యాట్ 6ఏ వేయాలి.

బిల్లు మీద "సాలిడ్ బేర్ కాపర్" (లోపలంతా రాగే ఉన్న తీగ) అని తప్పకుండా రాయించుకోండి. మా బిల్లులో "క్యాట్ 6 కేబుల్" అని మాత్రమే ఉంది, షాపతను ఇప్పుడు దాన్నే పట్టుకుని మాట్లాడుతున్నాడు. ఇలాగే మోసపోయినవాళ్లు ఉంటే బిల్లు, చెక్కిన తీగ ఫోటో దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.