నలభై మిల్లీమీటర్లు కోసిన కార్బన్ హ్యాండిల్‌బార్: మూడేళ్ల వాడకం తర్వాత

నా మౌంటెన్ బైకుకు, అంటే కొండదారుల్లో తొక్కే సైకిలుకు, 2021లో 780 మి.మీ. వెడల్పున్న కార్బన్ హ్యాండిల్‌బార్ (సన్నని కార్బన్ పోగులను జిగురుతో పొరలుగా పేర్చి చేసినది) వేయించుకున్నాను. నేను ఐదడుగుల ఆరంగుళాల మనిషిని, భుజాలు కూడా విశాలమైనవి కావు. అనంతగిరి అడవిలో రెండు మూడు గంటలు తొక్కి వికారాబాద్‌కు తిరిగి వచ్చేసరికి మెడకూ భుజానికీ మధ్య కండ పట్టేసేది. పైగా చెట్లు ఒత్తుగా ఉన్న కాలిబాటలో గ్రిప్పు కొస మానుకు తగిలి ముందు చక్రం ఒక్కసారిగా పక్కకు తిరిగిపోవడం రెండుసార్లు జరిగింది. రెండోసారి కింద పడ్డాను. బారును కోయాలని నిర్ణయించుకున్నది ఆ తర్వాతే.

కోసిన కార్బన్‌ను మళ్లీ అతికించే దారి లేదు కనుక, ముందుగా గ్రిప్పులను, బ్రేకు లీవర్లను రెండు వైపులా పది మి.మీ. లోపలికి జరిపి మూడు వారాలు తొక్కి చూశాను. కొసలు మూసుకుపోయిన గ్రిప్పులతో ఇది కుదరదు; నావి రెండు వైపులా తెరిచి ఉండి, కొసకు విడిగా బిరడా పెట్టుకొనే రకం. బారు కొసలు బయటికి పొడుచుకొని ఉంటాయి కాబట్టి ఆ మూడు వారాలూ అడవిలోకి వెళ్లకుండా విశాలమైన మట్టి దారుల్లోనే తొక్కాను. అదే సమయంలో బారుతో వచ్చిన చిన్న పుస్తకం చదివితే 720 కంటే తగ్గించకూడదని స్పష్టంగా ఉంది. అసలే కోయకూడని బార్లు కూడా ఉంటాయి కనుక ఆ కాగితం చూడకుండా రంపం పట్టడం మంచిది కాదు. మరొక సంగతి కూడా చూసుకోవాలి: బారు పొట్టిదైనకొద్దీ బ్రేకు లీవర్లను దానికి పట్టి ఉంచే క్లాంపులు మధ్యకు జరుగుతాయి, అక్కడ బారు 22.2 మి.మీ. వ్యాసం దాటి లావెక్కడం మొదలైతే క్లాంపు సరిగా కూర్చోదు.

మొదట ఒక దుకాణానికి తీసుకువెళ్లాను. అక్కడి మెకానిక్ ఇనుప గొట్టాలను కోసే పైపు కట్టరును చేతిలోకి తీసుకోగానే వద్దని చెప్పి బారును వెనక్కి తెచ్చుకున్నాను. ఆ పరికరం చక్రాన్ని చుట్టూ నొక్కుతూ కోస్తుంది. ఆ ఒత్తిడికి కార్బన్ పొరలు లోపల నలిగిపోయినా పైకి ఏమీ కనిపించకపోవచ్చు. చేతుల బరువంతా మోసే వస్తువు విషయంలో ఇది నాకు ఏ మాత్రం సమ్మతం కాలేదు.

చివరకు ఇంటి డాబా మీద, అంగుళానికి 32 పళ్లున్న కొత్త హ్యాక్సా బ్లేడుతో నేనే కోశాను. కోసే చోట మాస్కింగ్ టేపును రెండు చుట్లు చుట్టి, దాని మీద గీత గీసి, రంపం అటూ ఇటూ పోకుండా బారును గైడులో (రంపం నడిచే గాడి ఉన్న పట్టులో) బిగించాను. ఎన్‌95 మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి, ఎందుకంటే ఈ నల్లని రజను ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, చర్మానికి అంటితే దురద పెడుతుంది. బ్లేడు మీద నీళ్లు చిలకరిస్తూ, బలంగా నొక్కకుండా కొద్దికొద్దిగా కోస్తూ, బారును తిప్పుతూ వచ్చాను. ఒకే వైపునుంచి చివరిదాకా కోస్తే అడుగున పోగులు చీలి లేచే ప్రమాదం ఉంది.

ముక్క ఊడి వచ్చాక కోత ముఖాన్ని వెలుతురులో చూస్తే, గొట్టం గోడలో పొర మీద పొర పేర్చిన అంచులు నల్లగా, నున్నగా మెరుస్తూ కనిపించాయి. తొందరపడి టేపును కొసనుంచి లోపలివైపు లాగడంతో ఎడమ వైపున వెంట్రుకంత పోగు ఒకటి పైకి లేచింది. 400 నంబరు ఉప్పుకాగితాన్ని తడిపి, బయటి అంచునుంచి లోపలికి మాత్రమే రుద్ది దాన్ని సాపు చేశాను. ఆపైన కోత ముఖానికి పలుచగా ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పూసి రాత్రంతా ఆరనిచ్చాను. కుడి వైపున టేపును చుట్టువెంట నిదానంగా తీస్తే ఏ ఇబ్బందీ రాలేదు. రజనును ఊదకుండా తడిగుడ్డతో తుడిచి, గుడ్డను సంచిలో మూటకట్టి పారేశాను.

బరువు తగ్గుతుందని ఎవరూ ఆశపడనక్కర లేదు. తర్వాత కోసిన వాటితో సహా ముక్కలన్నీ కలిపి తూచినా పది గ్రాములు కాలేదు. రెండు వైపులా పది మి.మీ. చొప్పున పోయి 760కి వచ్చిన నెలలోనే భుజం నొప్పి దాదాపుగా పోయింది. చెట్ల మధ్య బైకు నా మాట వింటున్నట్టు అనిపించేది. ఏడాది తర్వాత, అదే ఉత్సాహంలో, మరో పది మి.మీ. చొప్పున కోసి 740కి తెచ్చాను. ఇక్కడ మాత్రం లాభంతో పాటు నష్టమూ వచ్చింది. బారు పొట్టిదైతే వంగే గుణం తగ్గుతుంది; అంతకుముందు బారు మింగేసిన రాళ్ల అదురు ఇప్పుడు అరచేతుల దాకా వస్తోంది. బండరాళ్ల మీద వేగంగా దిగేటప్పుడు హ్యాండిల్ చిన్న కదలికకే తిరిగిపోతుంది, దాన్ని నిలబెట్టడానికి ఎక్కువ బలం పెట్టవలసి వస్తోంది. బారు వెనక్కి వంపు తిరిగి ఉంటుంది కాబట్టి మొత్తం మీద ఒక్కో వైపున ఇరవై మి.మీ. కోసేసరికి చేతులు సుమారు మూడు మి.మీ. ముందుకు జరిగాయి, మొదటి వారం తేడా తెలిసింది, తర్వాత అలవాటైపోయింది.

ఏటా వానాకాలం ముగిశాక గ్రిప్పులు ఊడదీసి కొసలను భూతద్దంతో చూస్తున్నాను. ఈ మూడేళ్లలో పగులు గానీ, పొర విడిపోవడం గానీ లేదు; పోయిన ఏడాది ఎడమ కొసన ఎపాక్సీ కొద్దిగా పెచ్చు లేస్తే మళ్లీ పూశాను. గ్రిప్పుల బోల్టులను, బారును బైకుకు పట్టి ఉంచే స్టెమ్ బోల్టులను, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితోనే, వాటి మీద ముద్రించిన అంకె దాటకుండా బిగిస్తాను. ఈ బారు మార్చవలసిన రోజు వస్తే కొత్తదాన్ని 750 దగ్గర ఆపుతాను, అదీ గ్రిప్పులు జరిపి పూర్తిగా ఒక నెల తొక్కి చూసిన తర్వాతే.