ఆరు డాలర్ల కోసం మొహావీ ఎడారిలో ఏసీ ఆపేశాం

మే నెలాఖరు లాంగ్ వీకెండ్‌కి లాస్ ఏంజెలెస్ నుంచి అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్‌కి కారులో వెళ్లొచ్చాం. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ. కాన్యన్ గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను పెట్రోల్ గురించి, అంటే ఇక్కడి మాటలో గ్యాస్ గురించి రాస్తాను. ఎందుకంటే ఈ ట్రిప్‌లో నేను చేసిన ఒకే ఒక్క పెద్ద తప్పు దాని దగ్గరే జరిగింది.

కాలిఫోర్నియాలో గ్యాస్ ఖరీదెక్కువని అందరికీ తెలుసు. ఫెడరల్ పన్ను గ్యాలన్‌కి 18.4 సెంట్లు. 1993 నుంచి అది మారలేదు, దేశమంతా ఒకటే. ఆపైన రాష్ట్రాల పన్నులు మొదలవుతాయి. అరిజోనాలో 18 సెంట్లు, కాలిఫోర్నియాలో 2024 జూలైలోనే అది 59.6 సెంట్లకు చేరింది. గాలి కాలుష్యం తగ్గాలని ఈ రాష్ట్రం తనకంటూ వేరే రకం గ్యాసోలిన్ వాడుతుంది కాబట్టి, ఇక్కడ కొరత వస్తే పక్క రాష్ట్రం నుంచి అప్పటికప్పుడు తెచ్చుకోవడం కూడా కష్టమే. మేం వెళ్లిన రోజు కాలిఫోర్నియాలోని బార్‌స్టోలో ఉన్న ధరకీ, అరిజోనాలోని కింగ్‌మన్‌లో ఉన్న ధరకీ గ్యాలన్‌కి డాలర్ పైనే తేడా. రెండు రాష్ట్రాల మధ్య ఉన్న కొలరాడో నది దాటాక పోసుకుందాం అనుకోవడం సహజమే కదా.

బార్‌స్టో దగ్గర మా ట్యాంక్ సగం కంటే కాస్త తక్కువ ఉంది. అక్కడి నుంచి ఐ-40 హైవే మీద నీడిల్స్ ఊరి దాకా సుమారు 145 మైళ్లు, నది దాటడానికి ఇంకో పన్నెండు. మా కారు హైవే మీద గ్యాలన్‌కి 28 మైళ్లు ఇస్తుంది. లెక్క సరిపోతుంది అనుకున్నాను. 50 మైళ్ల తర్వాత లడ్‌లోలో గ్యాస్ ఉంది. బోర్డు మీద ధర చూసి ఆగకుండా వెళ్లిపోయాను.

నేను లెక్కలో వేసుకోనివి మూడు: ఎదురుగాలి, ఎక్కుడు రోడ్డు, ఫుల్‌లో పెట్టిన ఏసీ. ఇంకో అరగంట గడిచాక "ఏమండీ, లైట్ వెలిగింది చూడండి" అంది మా ఆవిడ. బయట ఎండ మండిపోతోంది. ఏసీ ఆపేసి, అద్దాలు కాస్త దించి, గంటకి 55 మైళ్ల స్పీడ్‌లో కుడి లేన్ పట్టుకుని వెళ్లాను. వెనక సీట్లో అమ్మ కొంగుతో చిన్నోడికి విసురుతూ కూర్చుంది. ఒక్క మాట అనలేదు. చివరికి ఒక ఎగ్జిట్ దగ్గర ఒంటరిగా ఒక స్టేషన్ కనపడింది. బార్‌స్టో కంటే గ్యాలన్‌కి డాలరున్నర ఎక్కువ. నాలుగు గ్యాలన్లు పోసుకున్నాను. దిగి నీళ్లు తాగుతూ అప్పుడంది అమ్మ: "నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇందాకే పోయించుకోవాల్సింది కదరా."

కింగ్‌మన్‌లో పది గ్యాలన్లు నింపాను. అక్కడ మిగిలింది పన్నెండు డాలర్లు, ఎడారిలో ఎక్కువ పెట్టింది ఆరు. అంటే నికరంగా మిగిలింది ఆరు డాలర్లు. దానికోసం పెద్దావిణ్ణీ పిల్లల్నీ ఆ వేడిలో కూర్చోబెట్టానన్న బాధ నాకు ఇంకా పోలేదు.

బసలోనూ ఇదే లెక్క వస్తుంది, కానీ అక్కడ జవాబు వేరు. మేం విలియమ్స్ అనే ఊళ్లో ఒక మోటెల్లో రెండు రాత్రులు ఉన్నాం. అక్కడి నుంచి సౌత్ రిమ్‌కి, అంటే కాన్యన్ దక్షిణపు అంచుకి, 60 మైళ్లు. కాన్యన్ నేషనల్ పార్క్‌కి ఆనుకుని ఉన్న టుసయాన్‌లో మేం చూసిన గదులకీ దీనికీ రాత్రికి దాదాపు 120 డాలర్ల తేడా. రానూపోనూ గ్యాస్ ఖర్చు పదిహేను, పదహారు డాలర్లకు మించలేదు. ఇలాంటి తేడా ఉన్నప్పుడు దూరం వెళ్లడంలో అర్థం ఉంది. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు బాగా వచ్చాయి, ఊళ్లో నడిచి తిరగొచ్చు, 1901లో మొదలైన కాన్యన్ రైలు ఇక్కడి నుంచే బయల్దేరుతుంది. లోటల్లా సూర్యాస్తమయం చూశాక చీకట్లో గంటసేపు డ్రైవింగ్. రోడ్డు పక్కన ఎల్క్‌లు, అంటే పెద్ద జింకలు, నిలబడి ఉంటాయి, కళ్లు తిప్పడానికి లేదు. మళ్లీ వెళ్తే ఒక రాత్రి పార్క్ లోపలే ఉంటాను, ఏడాది ముందే బుక్ చేసుకోవాల్సి వచ్చినా సరే.

రిమ్ దగ్గర కారు పెట్టేసి ఉచిత షటిల్ బస్సులు ఎక్కేశాం. అంచు వెంబడి వెళ్లే హర్మిట్ రోడ్డుకి మార్చి నుంచి నవంబర్ దాకా సొంత కార్లను ఎలాగూ రానివ్వరు. బస్సులు త్వరత్వరగానే వచ్చాయి, డ్రైవర్లు అమ్మ నిదానంగా ఎక్కేదాకా ఆగారు. గుర్తుంచుకోవలసింది ఒకటుంది: పార్క్ లోపలున్న గ్రాండ్ కాన్యన్ విలేజ్‌లో గ్యాస్ స్టేషన్ లేదు. టుసయాన్‌కి వెనక్కి వెళ్లాలి, లేదా తూర్పున సుమారు 25 మైళ్ల దూరంలో ఉన్న డెజర్ట్ వ్యూ దాకా వెళ్లాలి.

ఊళ్లో ఉన్నప్పుడు హోల్‌సేల్ క్లబ్ (సభ్యులకే అమ్మే పెద్ద దుకాణం) పంపు దగ్గర ఇరవై నిమిషాలు క్యూలో నిలబడే అలవాటు నాకూ ఉండేది. గ్యాలన్‌కి 30 సెంట్లు తగ్గితే, పన్నెండు గ్యాలన్లకి మిగిలేది మూడు డాలర్ల అరవై సెంట్లు. సరుకులకి ఎలాగూ అటు వెళ్లే రోజైతే, క్యూ చిన్నదైతే, సరే. దానికోసమే పది మైళ్లు అటూ ఇటూ తిరిగితే అందులో చాలావరకు కారే తాగేస్తుంది. దారిలోనే ఉన్న పంపుల మధ్య తేడా చూడ్డానికి ఫోన్‌లో యాప్ వాడతాను, కానీ క్యాష్ ధర వేరు, కార్డు ధర వేరు ఉంటాయి కాబట్టి యాప్‌లో ఏది చూపిస్తున్నారో చూసుకోవాలి. వీటన్నిటికంటే నాకు పనికొచ్చింది స్పీడ్ తగ్గించడం. 75 నుంచి 65కి దిగితే మైలేజ్ పెరగడం మీటర్లో స్పష్టంగా కనపడింది.

తిరుగు ప్రయాణంలో కింగ్‌మన్‌లో ట్యాంక్ ఫుల్ చేశాను. పంపు హైవేకి ఆనుకునే ఉంది, నాలుగు నిమిషాలు పట్టింది. అక్కడి నుంచి ఇంటికి 325 మైళ్లు, ఒక్కసారి కూడా మళ్లీ పోసుకోలేదు. మొన్న ఏసీ ఆపేసిన చోటు దాటుతున్నప్పుడు అద్దంలో వెనక్కి చూశాను. చల్లటి గాలిలో అమ్మ నిద్రపోతోంది, చిన్నోడు ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఉన్నాడు.