అరసవల్లి యాత్ర: ఊళ్లోంచి వెళ్లి, టోల్ దారిన తిరిగి వచ్చాం

అమ్మకు ఆదివారం నాడు అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనం చేయించాలని శనివారం మధ్యాహ్నం తుని నుంచి కారులో బయలుదేరాం. రాత్రికి విశాఖపట్నంలో బస చేయాలి కాబట్టి లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక మీదుగా ఊళ్లోకి వెళ్లాం. తిరుగు ప్రయాణంలో మాత్రం ఆనందపురం దగ్గర కుడివైపుకు మళ్లి, పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి చేరే ఆరు వరుసల టోల్ రహదారిని ఎంచుకున్నాం.

గాజువాకలో ఒక కంటైనర్ లారీ వెనుక ఇరవై నిమిషాలు ఆగిపోయాం. దాని పక్కన సందు దొరక్క ఒక స్కూటర్ మీద తండ్రి, యూనిఫాంలో ఉన్న ఇద్దరు పిల్లలు పొగలోనే నిలబడిపోయారు. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గర ఫ్లైఓవర్ పుణ్యమా అని కొంత ఊరట కలిగినా, తాటిచెట్లపాలెం, గురుద్వారా సిగ్నళ్లు దాటి మద్దిలపాలెం చేరేసరికి అనకాపల్లి వదిలి రెండు గంటలయింది. అంతసేపు కాళ్లు ముడుచుకుని కూర్చోవడంతో అమ్మ మోకాళ్లు పట్టేశాయి.

మేము దిగిన హోటల్లో గది శుభ్రంగా ఉంది, లిఫ్టు ఉంది, తెల్లవారుజామునే వేణ్నీళ్లు ఇచ్చారు. పార్కింగ్ మాత్రం లేదు. సర్వీసు రోడ్డు మీద పెట్టిన కారును బయటకు తీయడానికి అయిదు గంటలకు మరో మూడు బళ్లవాళ్లను లేపవలసి వచ్చింది. అరసవల్లికి వెళ్లేవారు మధురవాడ వైపు దిగడం మేలు, పెద్దవాళ్లు వెంట ఉంటే శ్రీకాకుళంలోనే దిగడం ఇంకా మేలు.

తిరుగు ప్రయాణంలో ఆనందపురంలో అమ్మ బంతిపూలు కొనుక్కున్నాక టోల్ రహదారి ఎక్కాం. దాదాపు 51 కిలోమీటర్ల ఆ దారి యాభై నిమిషాల్లో పూర్తయింది. ఫాస్టాగ్‌లో డబ్బు ఉంది కాబట్టి టోల్ గేటు దగ్గర బండి దాదాపు ఆగనే లేదు. కట్టిన టోల్ నాకు భారమనిపించలేదు. తరచుగా తిరిగే సొంత కార్లవారికి 2025 ఆగస్టు 15న 3000 రూపాయల ధరతో మొదలైన వార్షిక పాస్ కూడా ఉంది, దానితో ఏడాదిలో 200 సార్లు టోల్ గేటు దాటవచ్చు.

ఈ దారి మేలు టోల్ కట్టినవారితో ఆగిపోదని నా నమ్మకం. ఒడిశా, తమిళనాడు నంబర్ల లారీలు వరుసగా మా పక్కనుంచి సాగిపోతుంటే నాకు గాజువాకలోని ఆ స్కూటర్ గుర్తుకొచ్చింది. విశాఖలో పని లేని ఒక్కో లారీ ఇటు మళ్లినకొద్దీ, ఒక్క రూపాయి టోల్ కట్టని ఆ తండ్రికి అక్కడ అంత చోటు మిగులుతుంది. పోర్టుకూ ఫ్యాక్టరీలకూ వెళ్లే లారీలు ఊళ్లోకి రాక తప్పదు కాబట్టి రద్దీ పూర్తిగా పోదు, కాని దాటిపోయే బళ్లను వేరు చేయడం చిన్న విషయం కాదు.

లోటు కూడా చెప్పాలి. మేము వచ్చిన దారిలో పెద్దవాళ్లు దిగి వాడుకోదగ్గ మరుగుదొడ్డి మాకు కనబడలేదు, కాబట్టి ఆనందపురంలోనే ఆ పని చూసుకుని, మంచినీళ్లు నింపుకుని ఎక్కడం మంచిది. దారిలో బండి ఆగిపోతే 1033కు ఫోన్ చేయాలి.

అమ్మ పూలపొట్లం ఒళ్లో పెట్టుకుని పెందుర్తి దగ్గర నిద్రపోయింది. మెలకువ వచ్చి, "గాజువాక వచ్చిందా నాన్నా?" అని అడిగేసరికి అనకాపల్లి దాటేశాం.