తెలుగు ఖాళీల అభ్యాసాలకు హెచ్5పి: వాడి చూశాక ఒక పరిశీలన

వాక్యంలో ఏ మాటను తీసేస్తే చదివేవాడు కాసేపు ఆగి ఆలోచిస్తాడో తేల్చుకోవడం పాఠం చెప్పేవారి పని. ఆ మాట స్థానంలో గడి చూపించి, అందులో రాసిన జవాబును సరిచూసి, మార్కు చెప్పడం ప్రోగ్రామ్ పని. ఈ రెండో పనిని కోడ్ రాయనక్కర లేకుండా చేసిపెట్టే సాధనాల్లో, వెబ్ పేజీల్లో అభ్యాసాలు తయారుచేసే హెచ్5పి అనే సాఫ్ట్‌వేర్‌లోని ‘ఫిల్ ఇన్ ది బ్లాంక్స్’ ఒకటి. నార్వేలో రూపుదిద్దుకున్న హెచ్5పి ఎవరైనా వాడుకుని మార్చుకునే వీలిచ్చే ఎంఐటీ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతుంది. ఆన్‌లైన్ పాఠాలు నడిపే మూడుల్‌కు, వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్, ద్రూపల్ వేదికలకు ప్లగిన్‌గా చేర్చుకోవచ్చు. తెలుగు పాఠాలకు దీన్ని వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

అభ్యాసం తయారుచేసే పద్ధతి ఎంతో సులువుగా ఉంది. వాక్యాన్ని మామూలుగా టైపు చేసి, ఖాళీ కావలసిన మాటకు రెండు వైపులా నక్షత్రపు గుర్తు (*) పెడితే చాలు. ‘మోచేతిలో ఉన్నది మడతబందు *కీలు:రెండు ఎముకలు కలిసే చోటు*’ అని రాస్తే, ‘కీలు’ అనే మాట గడిగా మారుతుంది, కోలన్ తరువాతి భాగం అడిగినప్పుడు మాత్రమే తెరుచుకునే సూచనగా నిలుస్తుంది. ఒకటికి మించిన జవాబులు సరైనవైతే వాటి మధ్య ఏటవాలు గీత పెట్టాలి: ‘పెద్దవారి అస్థిపంజరంలో *206/రెండు వందల ఆరు/రెండువందల ఆరు* ఎముకలు ఉంటాయి.’ ఒక పేరా పాఠాన్ని ఇలా అభ్యాసంగా మార్చడానికి పది నిమిషాలు పట్టదు. మళ్లీ ప్రయత్నించే బటన్, జవాబు చూపించే బటన్, అన్ని గడులూ నింపాకే జవాబు చూపాలన్న నియమం, వచ్చిన మార్కులను బట్టి మారే వ్యాఖ్య వంటివన్నీ సెట్టింగులలో ఉన్నాయి. వాటిలో దేనికీ వంక పెట్టనక్కర లేదు.

తెలుగువారు నిదానించి చూడవలసిన సెట్టింగు ఒకటుంది. చిన్నపాటి అక్షరదోషాలను క్షమించే ఆ వెసులుబాటును ఆన్ చేస్తే, జవాబు తొమ్మిది క్యారెక్టర్ల వరకు ఉన్నప్పుడు (మరీ చిన్న మాటలకు తప్ప) ఒక తప్పును, అంతకు మించినప్పుడు రెండు తప్పులను ప్రోగ్రామ్ మన్నిస్తుంది. ఇంగ్లిష్‌లో ఇది న్యాయమైన లెక్కే. తెలుగులో మాత్రం మనం అక్షరం అనుకునేదీ కంప్యూటర్ క్యారెక్టర్‌గా లెక్కించేదీ ఒకటి కావు. అన్ని లిపులకూ కంప్యూటర్లు వాడే సంకేతాల పద్ధతి యూనికోడ్‌లో హల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు ఒకటి. అంటే మన కంటికి మూడు అక్షరాలుగా కనిపించే ‘విద్యార్థి’ ప్రోగ్రామ్‌కు పది క్యారెక్టర్ల పొడుగు మాట, అందులో రెండు తప్పులు చేసినా చెల్లిపోతుంది. ‘కీలు’ అని రాయవలసిన చోట ‘కాలు’ అని రాస్తే తేడా ఒక్క గుణింతపు గుర్తే కనుక అదీ సరైనదే అవుతుంది. ‘అర్థం’ బదులు ‘అర్ధం’ రాసినా ఇంతే. మొదటిది భావం, రెండోది సగం. భాష నేర్పేవారు అన్నిటికన్నా ముందుగా పట్టుకోవాలనుకునే తప్పును యంత్రం మెచ్చుకుని ఆకుపచ్చ గుర్తు పెడితే నేర్చుకునే పిల్లవాడికి అన్యాయం జరుగుతుంది. అందుకే తెలుగు అభ్యాసాలలో ఈ వెసులుబాటును ఆఫ్‌లోనే ఉంచాలని నా గట్టి అభిప్రాయం.

ఆఫ్ చేశాక మరో చిక్కు ఎదురవుతుంది. అప్పుడు పోలిక అచ్చంగా క్యారెక్టర్‌కు క్యారెక్టర్‌గా జరుగుతుంది కనుక, ‘వేయి’ జవాబుగా ఇచ్చి ‘వెయ్యి’ని చేర్చడం మరిచిపోతే నిజంగా తెలిసినవాడికే సున్నా వస్తుంది. పొల్లుతో ముగిసే మాటల వెంట కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను చేరుస్తాయి; అలాంటప్పుడు తెరపై రెండు మాటలూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నా ప్రోగ్రామ్‌కు అవి వేరువేరు. ఇది ఏ ఒక్క సాధనానికో పరిమితమైన లోపం కాదు, జవాబులను సరిపోల్చే కోడ్‌ను ఇంగ్లిష్‌ను దృష్టిలో ఉంచుకుని రాసిన ప్రతిచోటా ఎదురయ్యేదే. సొంతంగా ఇలాంటి అభ్యాసాన్ని ప్రోగ్రామ్ చేసుకునేవారు జావాస్క్రిప్ట్‌లోని నార్మలైజ్ ఫంక్షన్‌తో విద్యార్థి రాసిన జవాబునూ సరైన జవాబునూ ఒకే యూనికోడ్ రూపానికి తెచ్చి, ఆ కనిపించని గుర్తును తొలగించి, ఆ తరువాతే పోల్చాలి. ఉదారత చూపదలచుకుంటే తప్పుల సంఖ్యను లెక్కించే బదులు, ఆమోదించే రూపాల జాబితాను చేత్తో రాసుకోవడమే మేలు. శ్రమ ఎక్కువే, కానీ ఏది ఒప్పో ఏది తప్పో తేల్చే అధికారం ఆ మాట తెలిసిన మనిషి దగ్గరే ఉంటుంది.

మూడుల్ క్విజ్‌లో ఖాళీలు నింపమనే ‘క్లోజ్’ రకం ప్రశ్నతో పోల్చినప్పుడు హెచ్5పి ఒక విషయంలో వెనకబడుతుంది. క్లోజ్‌లో ‘కీళ్లు’ అని బహువచనం రాసినవాడికి సగం మార్కు ఇచ్చి, ఏకవచనం ఎందుకు రాయాలో అక్కడికక్కడే చెప్పవచ్చు. కాకపోతే వంకర బ్రాకెట్లు, టిల్డాలు, శాతాలతో నిండిన దాని రాత కొత్తవారిని బెదరగొడుతుంది. హెచ్5పిలో జవాబులను సరిచూసేది చదివేవారి బ్రౌజరే. జవాబులు కూడా అక్కడికే చేరతాయి కనుక పేజీ లోపలి కోడ్‌ను తెరవడం తెలిసిన విద్యార్థికి అవి దొరుకుతాయి. మార్కులు లెక్కకు వచ్చే పరీక్షలను నేను మూడుల్ క్విజ్‌లోనే పెడతాను. పాఠం ముగిసిన వెంటనే ఎవరి పాటికి వారు రెండు మూడుసార్లు ప్రయత్నించి చూసుకునే సాధనకు మాత్రం హెచ్5పినే ఎంచుకుంటాను, క్షమాపణ సెట్టింగు ఆఫ్ చేసి, ఏటవాలు గీతల మధ్య రూపాలన్నీ ఓపికగా రాసుకున్నాక.